గ్రామఫోను ప్లేటుపై ఒక కృతజ్ఞతాగీతము

గ్రామఫోను పెట్టె ఇంటనుండిన దినములను ఎరిగినవారికి ఒక చిన్న ముచ్చట జ్ఞాపకముండక మానదు. పాట సగములో నుండగనే కీ అయిపోవును. గాయని గొంతు మెల్లమెల్లగా బరువెక్కి, శ్రుతి దిగజారి, స్త్రీకంఠము పురుషకంఠమై, తుదకు మూలుగువలె వినవచ్చి ఆగిపోవును. పిల్లలు పకపక నవ్వుదురు. ఎవరో ఒకరు పరుగున పోయి కీ త్రిప్పుదురు. పాట మరల లేచి తన స్థాయికి వచ్చును. ఆ నవ్వులో ఒక శాస్త్రవిషయము దాగియున్నదని మాకు చాలకాలమునకు గాని తోచలేదు. ప్లేటు తిరుగు వేగము తగ్గినప్పుడు కాలప్రమాణ మొక్కటియే తగ్గలేదు. శ్రుతియు దానితోడనే దిగినది. సజీవుడైన గాయకుడు శ్రుతి చెడకుండ విలంబముగా పాడగలడు. కాలము మార్చకుండ శ్రుతిని హెచ్చింపగలడు. ఈ రెండును అతనికి వేర్వేరు. యంత్రమునకు ఆ స్వాతంత్ర్యము లేదు. అది రెంటిని ఒకే త్రాట కట్టినది.

ఈ కట్టు ఎంత బిగువైనదో లెక్క చూచిన తెలియును. పాశ్చాత్యులు స్థాయిని పండ్రెండు సమానమైన మెట్లుగా విభజింతురు. ఒక మెట్టునకును దాని పై మెట్టునకును కంపనసంఖ్యలో నుండు భేదము నూటికి ఇంచుమించు 6. కావున నిమిషమునకు 78 చుట్లు తిరుగవలసిన ప్లేటును 82 చుట్లకు పైగా త్రిప్పితిమేని పాట సుమారు ఒక మెట్టు హెచ్చును. ఇరువది నిమిషముల సంగీతము నిమిషమునకు పైగా కురుచయగును. పాత ప్లేట్లన్నియు సరిగా 78 చుట్లకే ముద్రింపబడినవియు కావు. కొన్ని కంపెనీలవారు 80 చుట్లు వాడిరి. మరి కొందరు 78కి తక్కువగా వాడిరి. 80కి ముద్రించిన దానిని 78కి త్రిప్పినచో శ్రుతి దాదాపు అరమెట్టు దిగును. ఇంట కూర్చుండి వినువానికి ఈ మోసము తెలియదు. వాడు, ఆహా, ఈ విద్వాంసుడెంత గంభీరముగా వాయించినాడు అనుకొనును.

కాలము, శ్రుతి, రసము అను మూడింటిని గూర్చియు పాత రికార్డు చెప్పు సాక్ష్యము ఎంతవరకు నమ్మదగినది? ఈ ప్రశ్నను గాలిలో చర్చించుటకంటె ఒక్క రికార్డును ముందిడుకొని చూచుట మేలు. మేమెన్నుకొన్నది బేథోవెను 132వ కృతిగా ప్రకటితమైన ఏ మైనరు క్వార్టెట్టునకు, 1937లో లండనులో బుష్ క్వార్టెట్టువారు హిజ్ మాస్టర్స్ వాయిస్ కంపెనీకై ఇచ్చిన రికార్డు. అందును ముఖ్యముగా దాని మూడవ భాగము.

క్వార్టెట్టు అనగా నలుగురు కూడి వాయించునది: రెండు ఫిడేళ్లు, ఒక వయోలా, ఒక చెల్లో. పాశ్చాత్యులు దీనిని గది సంగీతమందురు. రాజాస్థానములకును నాటకశాలలకును గాక, నాలుగు గోడల నడుమ కొలది మంది మిత్రులు వినుటకై ఏర్పడిన సంగీతమిది. ఇందు మృదంగము లేదు, తాళము వేయువాడు లేడు, చేయి త్రిప్పి నడిపించు నాయకుడును లేడు. నలుగురును ఒకరి ఊపిరి నొకరు వినుచు కాలమును పట్టుకొనవలెను. తంబురాయును లేదు. ఈ తంబురా లేకపోవుట అల్పవిషయము కాదు; దానినిగూర్చి ముందు చెప్పెదము.

ఈ కృతి పుట్టుక ఒక జబ్బుతో ముడిపడియున్నది. పీటర్సుబర్గు నగరమున గాలిట్సిను అను రాకుమారుడు ఉండెను. ఆయనయు చెల్లో వాయించువాడే. 1822లో ఆయన బేథోవెనునకు జాబువ్రాసి, ఒకటియో రెండో మూడో క్వార్టెట్టులు రచించి యిమ్మని కోరెను. ఒక్కొక్కదానికి 50 డూకాట్లు బేరము కుదిరెను. (రాకుమారుడు సొమ్ము చెల్లించుటలో చేసిన జాగు వేరొక కథ.) వానిలో రెండవదిగా ఈ ఏ మైనరు కృతి 1825లో సాగుచుండగా, ఏప్రిలు మాసమున బేథోవెనునకు ప్రేవుల వ్యాధి ముదిరి ప్రాణాపాయమయ్యెను. బ్రౌన్‌హోఫరను వైద్యుడు ద్రాక్షసారాయము వలదు, కాఫీ వలదు, మసాలా వలదు అని కఠినపథ్యము విధించెను. కాఫీ గింజలను లెక్కించి వేయించుకొను అలవాటుగల ఆ మహానుభావునకు ఇది ఎంత శిక్షయో ఊహింపవచ్చును. మే మాసమున ఆయన బాడెను అను ఊరికి గాలిమార్పునకు పోయెను. ప్రాణము కుదుటబడినది. అంతకుముందు తలపున లేని ఒక భాగము కృతి నడుమకు వచ్చి చేరినది. వ్యాధినుండి కోలుకొన్నవాడు దైవమునకు సమర్పించు పవిత్రకృతజ్ఞతాగీతము అని దానికి ఆయనయే పేరుపెట్టి, లిడియను అను ప్రాచీనమేళమున రచింపబడినదని తలకట్టున చేర్చెను.

లిడియను మేళమన నేమో తెలుగువారికి వివరించుట సులభము. ఎఫ్ అను స్వరమును షడ్జముగా గ్రహించి, పైకి ఆరు స్వరములను పియానోలోని తెల్లమెట్లమీదనే నడచినచో వచ్చునది మన మేచకల్యాణి మేళము. మధ్యమము ప్రతిమధ్యమము. ఈ గీతము వచ్చు మూడు పర్యాయములలో ఎచ్చటను బేథోవెను శుద్ధమధ్యమమును తాకలేదు. కాని ఇది విని కల్యాణిరాగము విన్నట్లు ఆనందింతమని కూర్చున్నవారికి ఆశాభంగము తప్పదు. ఇందు కల్యాణికి ప్రాణమైన గమకము లేదు. అంతకంటె ముఖ్యమైన కారణమొకటి కలదు. మన సంగీతజ్ఞులు గ్రహభేదమందురు గదా: శంకరాభరణమున మధ్యమమును షడ్జముగా భావించినచో కల్యాణి పుట్టును. మనకు తంబురా మ్రోగుచుండును గాన ఏది షడ్జమో సందేహము లేదు. ఇచ్చట తంబురా లేదు. నాలుగు వాద్యములును కలసి పలుకు స్వరసంఘాతములు ఒకసారి ఎఫ్‌ను ఆధారమనిపించును, మరొకసారి సీ వైపు లాగి శంకరాభరణమేమో అని భ్రమింపజేయును. చెవి నిలుకడ దొరకక తేలుచుండును. జ్వరము దిగిన మరునాడు మంచముమీదనుండి లేవబోయి, కాళ్లు నేలనున్నవో లేవో తెలియని స్థితి ఎరిగినవారికి ఈ భావము బోధపడును. రసము ఇచ్చట రాగముపేరునుండి రాలేదు, ఆధారము స్థిరపడకుండుటనుండి వచ్చినది.

గీతము మొదటిసారి ముగిసినంతనే సంగీతము డీ మేజరునకు మారును. క్రొత్తబలము కలుగుచున్నదని రచయిత అచ్చట వ్రాసికొనెను. త్ర్యశ్రపు నడక, మీదికెగురు స్వరములు, ఫిడేళ్లపై త్వరితకంపనములు. ఇట్లు గీతము మూడుసార్లు, బలము రెండుసార్లు వచ్చును. మొత్తము 211 గణముల రచన.

ఇక కాలప్రమాణము. గీతమునకు మోల్టో అడాజియో, అనగా మిక్కిలి విలంబము అనియు, నడిమి భాగమునకు ఆందాంతే, అనగా నడకవేగము అనియు ఆయన వ్రాసెను. అంతే. మిక్కిలి యనగా ఎంత? మెల్ట్సెలను యంత్రకారుడు 1815లో మెట్రోనోమను కాలమాపకమునకు హక్కుపత్రము పొందెను. (దాని లోని సూక్ష్మము విన్కెలను మరియొకనిదని పండితులందరు నెరుగుదురు, కీర్తి మాత్రము మెల్ట్సెలునకు దక్కినది.) బేథోవెను ఆ యంత్రమును మిక్కిలి ఆదరించి, 1817లో అంతవరకు రచించిన ఎనిమిది సింఫొనీలకును, పదునొకండు క్వార్టెట్టులకును నిమిషమునకిన్ని మాత్రలని సంఖ్యలు ప్రకటించెను. ఆ సంఖ్యలలో కొన్ని ఎంత వేగవంతములనగా, విద్వాంసులు నేటికిని వానినిగూర్చి తగవులాడుచున్నారు. అట్టివాడు కడపటి క్వార్టెట్టులలో ఒక్కదానికైనను సంఖ్య వేయలేదు. 1943లో రుడాల్ఫ్ కోలిష్ అను విద్వాంసుడు, సంఖ్యలున్న భాగముల స్వభావమును బట్టి సంఖ్యలు లేనివాని వేగమును ఊహింపవచ్చునని ఒక దీర్ఘవ్యాసము వ్రాసెను. ఆ వ్యాసము శ్లాఘ్యమే. కాని అది ఊహ, ఆజ్ఞ కాదు.

ఈ సందర్భమున ఒక వృత్తాంతము చెప్పక తీరదు. అదే 1825వ సంవత్సరమున, ఈ కృతికి ముందుదియగు 127వ కృతిని మార్చిలో షుప్పాన్‌ట్సిగ్ బృందమువారు వాయింపగా అది రాణింపలేదు. పిమ్మట యోసెఫ్ బ్యోమను ఫిడేలు విద్వాంసుడు దానిని సాధనచేయుటకు పూనుకొనెను. బేథోవెను సాధనకు వచ్చి కూర్చుండెను. అప్పటికాయనకు చెవులు పూర్తిగా పోయినవి. అయినను ఆయన కమానుల కదలికను కన్నార్పక చూచుచు, కాలమున రవ్వంత తేడా వచ్చినను పట్టుకొనెడివాడని బ్యోము చెప్పెను. తుది భాగమున ఒకచోట వేగము తగ్గింపవలెనని రచయిత వ్రాసియుండెను. అట్లు తగ్గించిన బిగువు సడలునని బ్యోమునకు తోచి, తోడివారిని వేగము మార్చవలదనెను. మూలన కూర్చుండిన బేథోవెను చూచెను. సాధన ముగియగానే, అట్లే ఉండనిండు అని చెప్పి, నాలుగు ప్రతులలోను ఆ మాటను తన చేతితో కొట్టివేసెను. వినలేని వాడు కంటితో కాలమును కొలిచెను. వ్రాసినవాడు వాయించినవాని మాటను ఒప్పుకొనెను. ఆచార్యుడు వ్రాసినది వేదము, అందు అక్షరము కదలరాదు అనువారు ఈ సాధనగదిని ఒక్కసారి తలచుకొందురు గాక.

ఏ మైనరు కృతి 1825 నవంబరు 6న వియన్నాలో బహిరంగముగా వినిపింపబడెను. బేథోవెను 1827 మార్చిలో మరణించెను. పిమ్మట వంద సంవత్సరములు ఈ సంగీతము నలుగురు విద్వాంసులు కూడిన చోట మాత్రమే బ్రదికినది. 1925 ప్రాంతమున మైక్రోఫోనుతో విద్యుత్తు మూలమున ముద్రించు పద్ధతి వచ్చినంతట ఫిడేలు, చెల్లోల నాదము ప్లేటుపై నిలువజొచ్చెను. 1928లో పారిసున కాపే క్వార్టెట్టువారు ఈ కృతిని రికార్డు చేసిరి. ఆ యేడాదియే లూసియన్ కాపే మరణించెను. ఆ రికార్డున స్వరమునుండి స్వరమునకు జారుట విస్తారముగా వినబడును. మన జారుగమకము నెరిగిన చెవికి అది హితవుగానే ఉండును. పిమ్మటి తరమువారు దానిని పాతవాసనయని వర్జించిరి.

ఆ కాలమున ఈ కృతి రికార్డు విద్యావంతుల ఇండ్లలో ఎట్టి గౌరవమందెనో రెండు నిదర్శనములు చాలును. 1928లో ఆల్డస్ హక్స్‌లీ ప్రకటించిన పాయింట్ కౌంటర్ పాయింట్ అను నవలలో ఒక పాత్ర, దైవము కలడనుటకు ఈ గీతమే రుజువని గ్రామఫోనుపై పెట్టి మిత్రులకు వినిపించును, వారొప్పుకొనరు. 1931లో కవి టి. ఎస్. ఎలియట్ తన మిత్రునకు జాబువ్రాయుచు, ఈ కృతి తన గ్రామఫోనుపై నున్నదనియు, ఎంత విన్నను తరుగుట లేదనియు తెలిపెను. మేము ఎలియట్ పక్షము. ఒక పాట రుజువు కావలెననుట పాటకు బరువు. తరుగక యుండిన చాలును.

బుష్ బృందమువారి చరిత్ర ఇంకొకటి. అడాల్ఫ్ బుష్ జర్మను, యూదుడు కాడు. హిట్లరు ప్రభుత్వము యూదుల అంగళ్లను బహిష్కరింపజేసిన 1933 ఏప్రిలు 1వ తేదీన ఆయన బెర్లినులో నుండెను. ఆ దృశ్యమును చూచి, జర్మనీలో తాను ఒప్పుకొన్న కచేరీల నన్నింటిని రద్దుచేసికొని వెడలిపోయెను. ఆయన అల్లుడు కాబోవు పియానో విద్వాంసుడు రుడాల్ఫ్ సెర్కిన్ యూదుడు. 1935లో బుష్ స్విట్జర్లండు పౌరుడయ్యెను. 1938లో ఇటలీలో జాతిశాసనములు రాగా అచ్చటి కచేరీలను సైతము వదలుకొనెను. 1939లో అమెరికా చేరి 1952లో అచ్చటనే కాలధర్మము నొందెను. రెండవ ఫిడేలు యోస్టా ఆంద్రియాసన్ స్వీడనువాడు. వయోలా కార్ల్ డోక్టర్ వియన్నావాడు. చెల్లో తమ్ముడు హెర్మన్ బుష్.

1937 నాటి ప్లేట్లపై ఈ కృతజ్ఞతాగీతము అద్భుతమైన విలంబమున సాగును. ఇతరులు పదునైదు పదునారు నిమిషములలో ముగించు భాగము వీరి చేతిలో ఇంచుమించు ఇరువది నిమిషములు పట్టును. కంపితము దాదాపు లేదు. కమాను నూలువలె సన్నగా సాగును. ఈ మందగతి దేశము వదలిన వాని ప్రార్థనయని చెప్పవలెనని ఎవరికైనను నోరూరును. మాకును ఊరినది. కాని చరిత్ర వ్రాయువాడు అంత త్వరపడరాదు. బుష్ త్యాగము ఒక నిజము, ప్లేటుపైని విలంబము మరొక నిజము. రెండవదానికి మొదటిది కారణమని ప్లేటు చెప్పుట లేదు. ప్లేటు చెప్పునది వేరు. పండ్రెండంగుళముల ప్లేటుపై ఒక ప్రక్కకు నాలుగైదు నిమిషముల సంగీతమే పట్టును. ఒక్క నిమిషము పొదుపుచేసిన ఒక ప్రక్క మిగులును. ఒక ప్రక్క మిగిలిన కొనువానికి ఖర్చు తగ్గును. కంపెనీలు విద్వాంసులను తొందరపెట్టుటయు, కొన్ని భాగములను కత్తిరించుటయు ఆనాడు సామాన్యము. అట్టి గదిలో, ఎఱ్ఱదీపము వెలుగగానే మొదలిడి, మైనము నిండులోపల ఆపవలసిన నిర్బంధములో, ఆ నలుగురును ఇంత మెల్లగా వాయించుటకు నిశ్చయించుకొనిరి. యంత్రము వేగమునకు లాగుచుండ వారు ఎదురు నడచిరి. ఈ విలంబము యంత్రము పెట్టినది కాదు, వారు కోరుకొన్నది. ఆ మాత్రము సాక్ష్యము నిస్సందేహము.

ఇది మన ఇంటి విషయమునకును తగులును. దక్షిణదేశపు కచేరీ సంగీతము ఇదే ప్లేట్లపై మూడు నాలుగు నిమిషములకు కుదింపబడినది. ఆలాపన నాలుగు పలుకులై, సంగతులు కొన్ని రాలిపోయి, చౌకకాలపు కీర్తన మధ్యమకాలపు పరుగెత్తినది. విద్వాంసులు దోషులు కారు, ప్లేటు చాలలేదు. కాని ఆ ప్లేట్లు విని నేర్చుకొన్న పిల్లలు అదియే సంప్రదాయమని తలచిరి. మా బాల్యమున మా యింట ఒక కీర్తనను ఇట్లే ప్లేటు వేగముననే నేర్చితిమి. చాల ఏండ్లకు ఒక వృద్ధగాయని మా ముందర కూర్చుండి అదే కీర్తనను సగము వేగమున పాడినప్పుడు, ఆమెకు వయసు మీరి ఊపిరి చాలుట లేదు కాబోలునని జాలిపడితిమి. ఆమె పాడినది సరి, మేము నేర్చినది మూడు నిమిషముల పాట అని తెలిసికొనుటకు మాకు మరికొన్ని ఏండ్లు పట్టినది. ఆ జాలి తలపునకు వచ్చినప్పుడెల్ల నేటికిని మాకు సిగ్గగును.

శ్రుతిమాట మిగిలియున్నది. ఏ మైనరని పేరు పెట్టినంత మాత్రమున ఆ ఏ ఎక్కడిది? బేథోవెను కాలమున ఊరికొక శ్రుతి. 1859లో ఫ్రెంచి ప్రభుత్వము ఏ అను స్వరమునకు సెకనుకు 435 కంపనములని శాసించెను. 1939లో లండనున కూడిన సభ 440గా నిర్ణయించెను. కావున ఒకే ఏ మైనరు పేర ఒక నూరేండ్లలో పలుశ్రుతులు మ్రోగినవి. మనము షడ్జమును గాయకుని గొంతునకు వదలివేసి, స్వరముల పరస్పర సంబంధమునే రాగమందుము. పాశ్చాత్యులు మేళమునకు ఒక స్థిరమైన ఎత్తుకూడ నున్నదనియు, ఆ యెత్తున కొక స్వభావమున్నదనియు నమ్ముదురు. ఆ నమ్మకమునకు నిలుకడలేదని వారి ప్రభుత్వముల శాసనములే చాటుచున్నవి. 1937 ప్లేటును కొంచెము వేగముగా త్రిప్పిన గీతము అరమెట్టు హెచ్చవచ్చును. దాని లోని తేలుడు స్వభావము మాత్రము మారదు. ఏలన, ఎఫ్‌నకును సీకిని గల సంబంధము ఎంత త్రిప్పినను చెడదు. వేగము పోవును, ఎత్తు పోవును, అంతరములు నిలుచును.

నేటి యంత్రజ్ఞులు పాత ప్లేట్లను కంప్యూటరులోనికి ఎక్కించునప్పుడు ఈ చిక్కును విడదీయుటకు ఒక చమత్కారమైన ఉపాయము కనుగొనిరి. కొన్ని విద్యుద్రికార్డులలో సంగీతము వెనుక, ఆ గదిలోని కరెంటు తీగెల సన్నని హుంకారము తెలియకయే ముద్రితమైయుండును. ఆ దేశమున కరెంటు సెకనుకు ఎన్నిమార్లు మారునో తెలిసియున్నచో, హుంకారము ఆ సంఖ్యకు వచ్చువరకు వేగము సరిచేయవచ్చును. అప్పుడు పాట శ్రుతియు కాలమును రెండును ఒక్కసారిగా తమ చోటికి వచ్చును. కట్టిన త్రాడే దారి చూపును. నూరేండ్లకు దగ్గరైన నాదమునకు తంబురా, గోడలోని కరెంటు!

ఇట్లు సరిచేసిన ప్రతులలో ప్రక్కల నడుమ నుండు ఖాళీలను చెరిపి, గీతమును ఏకధారగా అతికింతురు. 1937లో ఈ ప్లేట్లను కొనినవారు ఎన్నడును దానిని అట్లు వినలేదు. నాలుగైదు నిమిషములకొకసారి లేచి, ముల్లు ఎత్తి, ప్లేటు త్రిప్పి, కీ యిచ్చి, మరల కూర్చుండిరి. వాయించినవారును అట్లు ఏకధారగా వాయింపలేదు. ఒక ప్రక్క నిండగనే కమానులు దింపి, క్రొత్త మైనము అమర్చువరకు ఊరక కూర్చుండి, దీపము వెలుగగానే విడిచినచోటనే అందుకొనిరి. మేము ఈ అతికిన ప్రతిని పలుమార్లు విని, ఆ అతుకులచోట కాలము తొణకినదేమోయని చెవియొగ్గితిమి. మా చెవికి తొణుకు వినబడలేదు.